పాత ఆర్పీజీలు హ్యాండ్‌హెల్డ్‌లో మళ్ళీ ఆడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆర్పీజీలంటే ఓ పాత్రగా కథలో నడుస్తూ, పోరాడుతూ బలం పెంచుకునే ఆటలు. హ్యాండ్‌హెల్డ్ అంటే చేత్తో పట్టుకుని ఆడే కన్సోల్. ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగినాయన వయసు 38. పొద్దున కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో ఉద్యోగం చేసుకుని రాత్రికి హన్మకొండ చేరతారు. డిగ్రీ రోజుల్లో ఫ్రెండ్ ఇంట్లో ప్లేస్టేషన్ మీద ఫైనల్ ఫాంటసీ 7 సగం దాకా ఆడారు. ఈమధ్య సెకండ్ హ్యాండ్‌లో నింటెండో స్విచ్ లైట్ అనే చేతి కన్సోల్ కొని అదే ఆట మొదలుపెట్టారు, ఆపేశారు, మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ ఆపేశారు. "నాకే వయసైపోయిందా, ఆటలే పాతబడ్డాయా? స్పీడ్ పెంచి ఆడితే మోసం చేసినట్టా? వేరే ఆటతో మొదలుపెట్టనా?" అని అడుగుతున్నారు. బొమ్మను నడిపే ఎడమ స్టిక్ ఒక్కోసారి దానంతట అదే పక్కకు లాగుతోందని చివర్లో ఓ మాట కూడా రాశారు.

సూటిగా జవాబు ముందే చెప్తాను. వయసుదీ తప్పు కాదు, ఆటదీ తప్పు కాదు. మధ్యలో వచ్చే గ్యాప్‌తోనే వస్తుంది చిక్కంతా. "అన్నిటికన్నా గొప్ప ఆటలు" అనే లిస్టులు చూసి ఎంచుకోకండి. పది రోజులు వదిలేసి మళ్ళీ పట్టుకున్నా దారి దొరికే ఆట ఏదో చూసి ఎంచుకోండి. మీ చేతిలో ఉన్నది స్విచ్ లైట్ కాబట్టి ఫైనల్ ఫాంటసీ 6 పిక్సెల్ రీమాస్టర్‌తో (పాత ఆటకే మెరుగుపెట్టిన కొత్త రూపం) మొదలుపెట్టండి, అది అయ్యాక 7 దగ్గరికి రండి. స్పీడ్ పెంచడం మోసం కాదు గానీ దానికో పద్ధతుంది, కింద చెప్తాను. స్టిక్ సంగతి చివర్లో.

నేను హన్మకొండలోనే ఫోన్లు, గేమ్ కన్సోళ్ళు రిపేర్ చేస్తాను. ఆటలు ఆడటం రిపేర్ నేర్చుకోకముందు నుంచే ఉంది. కౌంటర్ దగ్గర నిలబడి "అన్నా, చిన్నప్పటి ఆట ముచ్చటపడి కొన్నా, రెండు రోజులాడి బీరువాలో పెట్టేశా" అనేవాళ్ళు చాలామందే వస్తారు. దాదాపు అందరూ ముప్పై దాటినవాళ్ళే. కన్సోల్ అమ్మేస్తామని వచ్చినవాళ్ళను ఏ ఆట దగ్గర ఆపేశారని అడగడం నాకు అలవాటు. అందుకే మీ ప్రశ్నకు ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

ఈ ఆటలు పుట్టిన కాలం చూడండి. డ్రాగన్ క్వెస్ట్ 1986లో వచ్చింది, మొదటి ఫైనల్ ఫాంటసీ 1987లో. బడి నుంచి రాగానే టీవీ ముందు కూర్చునే పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఇవాళ ఆపినవాడు రేపు సాయంత్రం మళ్ళీ కూర్చుంటాడని వాటి నమ్మకం. అందుకే ఏదో ఊళ్ళో ఓ ముసలాయన "ఉత్తరాన గుహలో తాళంచెవి ఉంది" అని ఒక్కసారి చెప్తాడు, అంతే. అది ఎక్కడా రాసి ఉండదు. పిల్లాడికి రేపటికి గుర్తుంటుంది. మనకు మధ్యలో మార్చి క్లోజింగ్ వస్తుంది, మేనమామ కూతురి పెళ్ళొస్తుంది, బతుకమ్మ వస్తుంది. తిరిగి ఆట తెరిచేసరికి ఏ ఊళ్ళో ఉన్నామో, ఎవరి కోసం వచ్చామో తెలియదు. ఊరెళ్ళి వచ్చాక సీరియల్ చూసినట్టుంటుంది, మొహాలన్నీ తెలిసినవే, ఎవరు ఎవరితో ఎందుకు గొడవపడుతున్నారో అర్థం కాదు. అటూ ఇటూ తిరుగుతుంటే నాలుగడుగులకో శత్రువు అడ్డం వస్తుంది. పావుగంట ఓపిక పట్టి ఆఫ్ చేస్తారు. దాన్నే "వయసైపోయింది" అనుకుంటారు.

మన వైపు వాళ్ళకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మనం ఈ ఆటలు ఆడుతూ పెరగలేదు. మన ఇళ్ళలో టీవీకి తగిలించిన వీడియో గేమ్ క్యాసెట్లలో కాంట్రా, మారియో, ట్యాంకుల ఆట ఉండేవి. ఆర్పీజీకి సేవ్ కావాలి, సేవ్ నిలవాలంటే క్యాసెట్ లోపల చిన్న బ్యాటరీ ఉండాలి. ఆ చవక క్యాసెట్లలో బ్యాటరీ పెట్టి ఎవరిస్తారు? తర్వాత ప్లేస్టేషన్ పార్లర్లు వచ్చాయి, గంట లెక్కన డబ్బులు. గంటకు డబ్బు కట్టినవాడు టెక్కెన్ ఆడతాడు, డబ్ల్యూడబ్ల్యూఈ ఆడతాడు గానీ ఓ ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి మనుషులతో మాట్లాడుతూ కూర్చోడు. మెమరీ కార్డు కూడా ఉండేది కాదు. అలాంటి రోజుల్లో ఫ్రెండ్ ఇంట్లో 7 సగం ఆడారంటే మీరు అదృష్టవంతులే. కాకపోతే ఆ సగం ఆట వరసగా, సెలవుల్లో, పక్కన ఇంకో మనిషి "అటు కాదురా, రైలు పట్టాల మీదుగా పో" అంటుండగా ఆడి ఉంటారు. ఇప్పుడు మీరొక్కరే, అదీ ముక్కలు ముక్కలుగా.

ఇక 7 ఎందుకు ఆగిపోతోందో చెప్తాను. 1997లో మూడు డిస్కుల మీద వచ్చిన ఆట ఇది. మొదటి కొన్ని గంటలు మిడ్గార్ నగరంలోనే నడుస్తుంది, ఒకే దారి, తప్పిపోవడానికి వీల్లేదు. నగరం దాటగానే ప్రపంచ పటం మొత్తం తెరుచుకుంటుంది. ఎక్కడికి వెళ్ళాలో రాసిపెట్టే జాబితా లేదు, బాణం గుర్తు లేదు. నా దగ్గరకొచ్చి "ఆపేశా" అన్నవాళ్ళలో ఎక్కువమంది సరిగ్గా ఈ మలుపు దగ్గరే ఆపినవాళ్ళు. మీరు ఎక్కడ ఆపారో రాయలేదు గానీ, ఇక్కడే అయ్యుంటుందని నా అనుమానం.

అలాగని పాత ఆటలన్నీ గ్యాప్ తర్వాత మనల్ని గాలికొదిలేయవు. కొన్ని ఆ రోజుల్లోనే ఈ సంగతి ఆలోచించాయి. ఇవి తెలిస్తే ఎంచుకోవడం తేలిక.

2004లో గేమ్ బాయ్ అడ్వాన్స్‌కు వచ్చిన పోకెమాన్ ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్ తీసుకోండి. సేవ్ తెరవగానే నలుపు తెలుపులో, మీరు క్రితంసారి ఏం చేశారో చిన్న చిన్న దృశ్యాలుగా చూపిస్తుంది. ఫలానా ఊళ్ళో ఫలానా వాడిని ఓడించారు, ఫలానా వస్తువు తీసుకున్నారు, ఇక ఆడండి అంటుంది. అర నిమిషం పని. ఇరవై ఏళ్ళ కిందటి ఆటకు ఉన్న ఈ బుద్ధి ఇప్పుడొచ్చే పెద్ద పెద్ద ఆటలకు కూడా ఉండటం లేదు.

ఫాంటసీ స్టార్ 4లో, అది 1993 నాటి సెగా ఆట, మెనూలో "మాట్లాడు" అని ఓ ఆప్షన్ ఉంటుంది. నొక్కితే మీ జట్టులోవాళ్ళు వాళ్ళలో వాళ్ళే "మనం ఇప్పుడు అక్కడికి కదా పోవాల్సింది" అని చెప్పుకుంటారు. ఎప్పుడైనా, ఎక్కడైనా. పైగా పోరాటంలో ఎవరు ఏం చేయాలో ముందే ఓ వరస రాసి పెట్టుకోవచ్చు, ఒక్క బటన్‌తో జట్టంతా ఆ వరసలో కదులుతుంది. నన్నడిగితే పనీపాటా ఉన్నవాళ్ళ కోసమే చేసినట్టుంటుంది ఈ ఆట. పేరు మాత్రం ఫైనల్ ఫాంటసీకి వచ్చినంత రాలేదు. నింటెండో చందా సేవ అయిన స్విచ్ ఆన్‌లైన్‌లో పెద్ద ప్యాక్ తీసుకున్నవాళ్ళకు సెగా ఆటల్లో ఇది దొరుకుతుంది.

ఎర్త్‌బౌండ్‌ది ఇంకో తరహా. ఊళ్ళో డబ్బులు తీసుకుని తర్వాత ఏం చేయాలో సూచన అమ్మేవాడు ఉంటాడు. మీ లెవెల్ బాగా పెరిగాక చిన్న శత్రువులు మిమ్మల్ని చూసి పారిపోతారు, పట్టుకుంటే పోరాటం తెర కూడా రాకుండా గెలిచినట్టే. సేవ్ చేయాలంటే నాన్నకు ఫోన్ చేయాలి. చాలాసేపు ఆడితే ఆ నాన్నే ఫోన్ చేసి కాసేపు ఆపరాదా అంటాడు! ఇది 2022 నుంచి స్విచ్ ఆన్‌లైన్‌లో ఉంది, అంటే చందా కట్టాలి.

క్రోనో ట్రిగర్ (1995) గురించి అడగకుండా ఉండరు. పాతికలోపు గంటల్లో అయిపోతుంది. శత్రువులు నడిచే దారిలోనే కనిపిస్తారు, నాలుగడుగులకోసారి తెర మారడం ఉండదు. కొంత దూరం వెళ్ళాక కాలం అంచున దీపస్తంభం కింద కూర్చున్న ముసలాయన తగులుతాడు. దారి తెలియకపోతే ఆయన దగ్గరికి వెళ్ళి పలకరిస్తే చాలు. నిజానికి కొత్తవాళ్ళకు నేను చెప్పే మొదటి ఆట ఇదే. కానీ స్విచ్‌కి రాలేదు. నింటెండో డీఎస్ ఉన్నవాళ్ళు 2008లో వచ్చిన క్యాసెట్ వెతుక్కోవచ్చు. మీకైతే ఫోన్‌లో ఉంది, కంప్యూటర్ ఆటలమ్మే స్టీమ్‌లో ఉంది. ఫోన్ మీద వేలితో ఆడే ఓపిక ఉంటే నా సలహా మార్చుకుని మీకు దీన్నే చెప్తాను.

డ్రాగన్ క్వెస్ట్ 11 పాతది కాదు. కానీ స్విచ్‌లో ఉన్న ఎస్ వెర్షన్‌లో ఆట మొత్తాన్నీ సూపర్ నింటెండో కాలపు 2డి బొమ్మలతో ఆడుకోవచ్చు. సేవ్ తెరవగానే ఇప్పటిదాకా జరిగిన కథ క్లుప్తంగా రాసి చూపిస్తుంది. పెద్ద ఆట మాత్రం, రైల్లో ఆడితే నెలలు పడుతుంది.

మరి ఇన్ని ఉండగా 6 ఎందుకంటున్నాను? మీకు కావలసింది 7 కాబట్టి. ఆ లోకం, ఆ నొబువో ఉయెమాత్సు సంగీతం, పోరాటంలో గీత నిండేదాకా ఆగి దెబ్బ వేయడం, ఇవన్నీ 1994 నాటి 6లో అప్పటికే ఉన్నాయి. సంగతేంటంటే 2023లో స్విచ్‌కి వచ్చిన పిక్సెల్ రీమాస్టర్‌లో ఒక చోటు నుంచి ఇంకో చోటుకు అడుగుపెట్టగానే దానంతట అదే సేవ్ అవుతుంది, మధ్యలో ఎక్కడైనా మనమే క్విక్ సేవ్ కొట్టొచ్చు. మ్యాప్ తెరిస్తే ఏ ఊళ్ళో ఎన్ని పెట్టెలు తెరిచామో, ఎన్ని మిగిలాయో కనిపిస్తుంది. ఘట్‌కేసర్ దాటగానే సీట్లోంచి లేచి గేటు దగ్గర నిలబడే మనిషికి ఇది చిన్న విషయం కాదు. పాత రోజుల్లోలాగా సేవ్ చేసే చోటు ఎక్కడుందా అని వెతుక్కుంటూ ఉంటే సికింద్రాబాద్ వచ్చేస్తుంది.

6లో ఇంకో ముచ్చట. కథ మొదలయ్యేది నార్షే అనే బొగ్గు గనుల ఊళ్ళో. గోదావరిఖని నుంచి రిపేర్‌కు కన్సోల్ తెచ్చిన ఓ సింగరేణి తమ్ముడికి ఆ మొదటి దృశ్యం చూపిస్తే, మంచులో ఆ పొగ, ఆ పట్టాలు చూసి "మా ఊరే అన్నా, చలొక్కటే తేడా" అన్నాడు. ఆటలో ఒక ఓపెరా ఘట్టం ఉంది. 1994లో గొంతుల బదులు యంత్రం కూత వినిపించేది, రీమాస్టర్‌లో నిజంగా పాడించారు. దానికి మాత్రం ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, సీటు దొరికిన రోజు ఆడండి.

ఒక చిక్కుంది, ముందే చెప్తున్నాను. 6 సగం వరకు కథే మిమ్మల్ని వేలు పట్టుకుని నడిపిస్తుంది. సగం దాటాక ఒక్కసారిగా వదిలేస్తుంది, ఎవరిని ముందు వెతకాలో మీ ఇష్టం. ఆడగలిగే పాత్రలు మొత్తం పద్నాలుగు. అక్కడ గ్యాప్ వస్తే 7లో వచ్చిన ఇబ్బందే మళ్ళీ వస్తుంది. అందుకే మొదటి రోజు నుంచే ఓ అలవాటు చేసుకోండి.

ఆపే ముందు మూడు ముక్కలు రాయండి: ఎక్కడున్నాను, ఇక ఎక్కడికి పోవాలి, ఎందుకు. ఫోన్ నోట్స్‌లో చాలు. నా ఫోన్‌లో 6 గురించి ఉన్న ఒక నోటు ఇలా ఉంటుంది: "సౌత్ ఫిగారోలో ఆపిన. ఇక కోల్ట్జ్ కొండ ఎక్కాలి. ఎడ్గర్ తమ్ముడు అటే పోయిండట." ఇంతే. నెల తర్వాత తెరిచినా ఈ మూడు ముక్కలు చాలు. కథంతా రాయొద్దు, అలా మొదలుపెట్టినవాళ్ళు వారంలో మానేస్తారు. ఇంటర్నెట్‌లో వాక్‌త్రూ (ఆట మొత్తానికి దారి చెప్పే గైడ్) ఉంది కదా అంటారు. ఉంది, కానీ మీరు ఆగిన చోటు అందులో వెతికేలోపు తర్వాత జరగబోయేవి నాలుగు కంట పడతాయి. 7లో అలా ఒకటి ముందే తెలిసిపోతే ఆట సగం చచ్చిపోయినట్టే. అదేంటో ఇక్కడ రాయను.

ఇప్పుడు స్పీడ్ సంగతి.

7, 9 స్విచ్ వెర్షన్లలో వేగం పెంచడం, శత్రువులు రాకుండా ఆపడం, ప్రాణం ఎప్పుడూ నిండుగా ఉంచడం అని మూడు సౌకర్యాలున్నాయి. పిక్సెల్ రీమాస్టర్లలో శత్రువులను ఆపొచ్చు, వచ్చే అనుభవం పాయింట్లను నాలుగు రెట్ల దాకా పెంచొచ్చు, క్రితంసారి ఇచ్చిన ఆదేశాలే మళ్ళీ మళ్ళీ చేసేలా ఆటో పెట్టొచ్చు. వీటిని వాడితే మోసమా అంటే, ఆట చేసిన కంపెనీయే పెట్టిన బటన్ నొక్కితే మోసమేంటండీ. కానీ మూడూ ఒకేలాంటివి కావు.

వేగం పెంచడం వల్ల ఆటలో ఏదీ మారదు, మీ టైమ్ మిగులుతుంది. ఒకసారి ఓడించిన శత్రువు మళ్ళీ ఎదురైతే హాయిగా పెంచేయండి. కొత్త శత్రువు, బాస్ (దారి చివర ఎదురయ్యే పెద్ద శత్రువు), కథ నడిచే చోట మామూలు వేగానికి రండి. శత్రువులను ఆపేయడం అలా కాదు. 7లో మంత్రాలన్నీ మెటీరియా అనే రాళ్ళలో ఉంటాయి, పోరాడితేనే ఆ రాళ్ళు పెరుగుతాయి. దారి పొడుగునా శత్రువులను ఆపేసుకుని బాస్ దగ్గరికి చేరితే మీ దగ్గర చిన్న మంత్రాలే ఉంటాయి. ఓడిపోతారు. విసుగొచ్చి ప్రాణం నింపే బటన్ నొక్కుతారు. ఆ తర్వాత ఏ పోరాటంలోనూ ఆలోచించే పని ఉండదు, రెండు రోజుల్లో బోరు కొడుతుంది, మళ్ళీ బీరువా. ఈ వరస నేను కళ్ళారా చూశాను, ఒకరిద్దరి దగ్గర కాదు. శత్రువులను ఆపే బటన్‌ను దారి తప్పి వెతుక్కునేటప్పుడే వాడండి. దారి దొరకగానే మళ్ళీ ఆన్ చేయండి. ప్రాణం నింపే బటన్ జోలికి పోకండి.

అనుభవం పాయింట్ల విషయంలో 6కి ఏమీ పెంచక్కర్లేదు, ఆట కష్టమైనదేం కాదు. 1, 3 ఆడితే రెట్టింపు పెట్టుకోండి, ఆ కాలం ఆటల్లో ఊరి బయట గుండ్రంగా తిరుగుతూ లెవెల్ పెంచుకోవడమే సగం ఆట.

ఇందాక చెప్పిన సింగరేణి తమ్ముడు వారం వారం షిఫ్ట్ మారే మనిషి. నైట్ షిఫ్ట్ వారంలో ఆట ముట్టుకోడు. డ్రాగన్ క్వెస్ట్ 3 కొత్త రూపం, 2024లో వచ్చింది, అది పెట్టిచ్చాను. అందులో తోటివాళ్ళను ఆటోలో వదిలేసి హీరోకి మాత్రమే మనం ఆదేశాలివ్వొచ్చు. ఇక ఎటు పోవాలో గుర్తు కూడా చూపిస్తుంది, వద్దనుకుంటే తీసేయొచ్చు. మొదట్లో "గుర్తు చూపిస్తే మజా ఏముందన్నా" అన్నాడు. ఇప్పుడు గుర్తు ఆన్‌లోనే ఉంది, ఆట చివరికొచ్చింది.

వీటితో మాత్రం మొదలుపెట్టకండి. ఫైనల్ ఫాంటసీ 2: ఇందులో లెవెల్స్ ఉండవు, కత్తి వాడితే కత్తి, దెబ్బలు తింటే ప్రాణం పెరుగుతాయి. ఆలోచన మంచిదే, ఆడటం తలనొప్పి. సుయికోడెన్ రెండు భాగాలు 2025లో కొత్తగా వచ్చాయి, నాకు ప్రాణం, కానీ 108 మందిని పోగుచేయాలి, కొందరిని ఓ సమయం దాటితే ఇక దొరకబుచ్చుకోలేం. గ్యాపులతో ఆడేవాళ్ళకు అది టెన్షన్. బాల్డర్స్ గేట్ లాంటి కంప్యూటర్ ఆటల్లో ఏం చేయాలో రాసిపెట్టే డైరీ ఉంటుంది, అది మంచిదే. కానీ అవి పెద్ద మానిటర్ ముందు కూర్చుని ఆడేందుకు చేసినవి. మీ స్విచ్ లైట్ తెర ఐదున్నర అంగుళాలు, రైలు ఊగుతుంటే ఆ అక్షరాలు చదవలేరు.

అక్షరాల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. నలభై దగ్గర పడుతున్నారు, చత్వారం గుమ్మంలో ఉంటుంది. ఆట బోరు కొట్టిందనుకుని మానేసినవాళ్ళలో కళ్ళు లాగి మానేసినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకు ఆ సంగతి తెలియదంతే. స్విచ్ సెట్టింగ్స్‌లో జూమ్ ఆన్ చేసుకుంటే హోమ్ బటన్ రెండుసార్లు నొక్కగానే తెర పెద్దదవుతుంది. పిక్సెల్ రీమాస్టర్‌లో అక్షరాలను పాత చదరపు రూపానికి మార్చుకోవచ్చు. సన్నటి కొత్త అక్షరం కన్నా చిన్న తెర మీద అదే బాగా కనిపిస్తుంది. ఈ పాత ఆటల్లో ఇంకో సుఖం, మాటలన్నీ డబ్బాలో రాసి వస్తాయి, మీరు బటన్ నొక్కేదాకా ఆగుతాయి. నాలాగా తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిష్ నిదానంగా చదువుకునేవాళ్ళకు తొందర ఉండదు, పక్కన పేకాట గోల నడుస్తున్నా కథ అందుతుంది.

బొమ్మల గురించి కూడా బెంగ వద్దు. 7ను నలభై మూడు అంగుళాల టీవీలో పెడితే వెనకున్న దృశ్యాలు మసకగా, మనుషులు చెక్క ముక్కల్లా కనిపిస్తారు. అదే ఆట అరచేతి తెర మీద కుదురుగా ఉంటుంది. పాత ఆటలు చిన్న తెర మీదే బాగుంటాయన్నది నా గట్టి నమ్మకం, టీవీకి తగిలించే స్విచ్ కాకుండా లైట్ కొని మీరు పోగొట్టుకున్నదేమీ లేదు.

ఇది చదివే మిగతావాళ్ళకు రెండు మాటలు. స్విచ్ లేకపోతే కొనాల్సిన అవసరం లేదు. నింటెండో మన దేశంలో దాన్ని అధికారికంగా అమ్మదు, బయటి నుంచి తెప్పించిందే దొరుకుతుంది, వారంటీ అంటే షాపువాడి నోటి మాటే. చవగ్గా దొరికే చైనా హ్యాండ్‌హెల్డ్‌లు గేమ్ బాయ్, సూపర్ నింటెండో కాలపు ఆటలకు సరిపోతాయి. వాటితో వచ్చే మెమరీ కార్డులు నాసిరకం, కొన్నరోజే మంచి కార్డుకు మార్చుకోండి. వాటిలో నింపి ఇచ్చే వేల ఆటలు దొంగ కాపీలు. నా షాపులో ఆటలు నింపి ఇవ్వను, ఆ సంగతి అడక్కండి. అలాంటి వాటిలో ఎక్కడపడితే అక్కడ ఆపే స్టేట్ సేవ్ ఉంటుంది, దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఆట లోపలి సేవ్ కూడా చేయండి, కార్డు మొరాయించినప్పుడు, వెర్షన్ మారినప్పుడు నిలిచేది అదే.

అసలైన పాత క్యాసెట్లు కొనేవాళ్ళు నకిలీలతో జాగ్రత్త. జమ్మికుంట నుంచి ఓ టీచరమ్మ ఫైర్‌రెడ్ క్యాసెట్ పట్టుకొచ్చారు, కొడుకు ఆట మొత్తం ఆడి చివరి పోరు గెలిచాక సేవ్ నిలబడలేదు. నకిలీల్లో ఇది మామూలే, అంతదాకా బాగానే నడుస్తాయి. కొనేముందు క్యాసెట్ అడుగున బంగారు రంగు పిన్నుల పైన సందులోకి లైటు వేసి చూడండి. అసలు గేమ్ బాయ్ అడ్వాన్స్ క్యాసెట్ అయితే బోర్డు మీద నింటెండో పేరు అచ్చువేసి కనిపిస్తుంది. పాత పోకెమాన్ గోల్డ్, సిల్వర్ క్యాసెట్లలో బ్యాటరీ అయిపోతే సేవ్ కూడా పోతుంది. పోకెమాన్ రూబీ, సఫైర్ వాటిలో బ్యాటరీ అయిపోతే గడియారం మాత్రమే ఆగుతుంది, సేవ్ ఉంటుంది. "సేవ్ పోయిందన్నా" అని భయపడి పారేయకండి.

ఇక మీ స్టిక్. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కంట్రోలర్ల విభాగంలో స్టిక్ క్యాలిబ్రేషన్ (స్టిక్ మధ్య స్థానం సరిచేసేది) తెరిచి, ఎడమ స్టిక్‌ను ఓసారి కదిపి వేలు తీసేయండి. తెర మీద గుర్తు వృత్తం మధ్యలో నిలబడాలి. ఓ పక్కకు జరిగి నిలిస్తే క్యాలిబ్రేట్ చేసి చూడండి, కొంతకాలం సర్దుకోవచ్చు. ఆగకుండా వణుకుతుంటే లోపల అరిగినట్టు, మార్చాల్సిందే. లైట్‌లో కంట్రోలర్లు ఊడిరావు కాబట్టి కన్సోల్ విప్పాలి. పార్ట్ పెద్ద ఖరీదు కాదు, చేసే చేయి కుదురుగా ఉండాలి. అప్పటిదాకా 6ను ఎడమ పక్కనున్న బాణం బటన్లతో ఆడండి, అసలు ఆ ఆట పుట్టింది వాటికోసమే. 7లో వేగం పెంచేది ఎడమ స్టిక్‌ను లోపలికి నొక్కి కాబట్టి, బాగుచేయించాకే దాని దగ్గరికి పోవడం మంచిది.

రిపేర్‌కు ఇచ్చేముందు ఒకటి గుర్తుంచుకోండి. స్విచ్‌లో సేవ్‌లు మెమరీ కార్డులో ఉండవు, కన్సోల్ లోపలి మెమరీలో ఉంటాయి. కార్డు తీసి జేబులో పెట్టుకుంటే సేవ్ మీ దగ్గరున్నట్టు కాదు. ఆన్‌లైన్ చందా ఉంటే క్లౌడ్‌లోకి ఎక్కించి ఇవ్వండి, లేకపోతే ఇచ్చేటప్పుడే "రీసెట్ చేయొద్దు" అని గట్టిగా చెప్పండి.

ఎండాకాలం కూడా చూసుకోవాలి. ఈ కన్సోల్ 5 నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని నింటెండోయే చెప్తుంది. మన దగ్గర మే నెల సంగతి తెలుసుగా, రామగుండం వైపు 45 దాకా పోతుంది. కాజీపేట స్టేషన్ స్టాండులో బండి డిక్కీలో పెట్టి వెళ్ళకండి. ప్రతి ఎండాకాలం బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిన కన్సోళ్ళు నా బల్ల మీదకు వస్తూనే ఉంటాయి. కిటికీ పక్క ఎండ సీట్లో ఛార్జింగ్ పెట్టి ఆడటం కూడా వద్దు. ఛార్జింగ్ ఇంట్లోనే పూర్తి చేసుకోండి.

మీ పాత 7 సేవ్ తుడిచేయొద్దు, అలాగే ఉంచండి. మిడ్గార్ బయటే ఆపి ఉంటే, 6 అయ్యాక తిరిగొచ్చినప్పుడు ఎటు పోవాలో కథ చెప్పకుండా చెప్తాను. ఏ ఊరి దగ్గర ఉన్నారో ఇక్కడే రాయండి. క్యాలిబ్రేషన్ తెర ఫోటో కూడా పెడితే స్టిక్ మార్చాలా, సర్దుకుంటుందా అన్నది చూసి చెప్పేస్తాను.